రైల్వే లైనులో మా ఇల్లు: నోటీసు నుంచి పరిహారం దాకా నా అనుభవం

మనోహరాబాద్ – కొత్తపల్లి రైల్వే లైను 151 కిలోమీటర్లు. గజ్వేల్, సిద్దిపేట, సిరిసిల్ల మీదుగా కరీంనగర్ వైపు వెళ్తుంది. 2016 ఆగస్టులో ప్రధాని శంకుస్థాపన చేశారు, 2023 అక్టోబరులో సిద్దిపేటకు రైలు వచ్చింది. మా ప్రాంతానికి రైలు రావాలని నాన్న తరం వాళ్లంతా కోరుకున్నారు, నేనూ కోరుకున్నాను. కానీ లైను వెళ్లే దారిని గుర్తించే అలైన్‌మెంట్ రాళ్లు పాతుతూ మా ఊరికి వచ్చిన సర్వే వాళ్లు ఒక రాయిని మా వాకిట్లోనే పాతారు. ఆ ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంటుంది. అందుకే ఈ పనంతా నేనే చూసుకున్నాను. ఇలాంటి నోటీసు అందుకున్నవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు ఏ చట్టం కింద తీసుకుంటున్నారో చూసుకోవాలి. ఈ లైనుకు భూమి సేకరించి ఇచ్చే బాధ్యత రాష్ట్ర ప్రభుత్వానిది కాబట్టి మాకు నోటీసు 2013 భూసేకరణ చట్టం కింద ఆర్డీవో ఆఫీసు నుంచి వచ్చింది. కొన్ని ప్రాజెక్టుల్లో రైల్వే చట్టం కిందే సేకరిస్తారు. అప్పుడు సెక్షన్లు వేరు, గడువులు వేరు.

మాది గ్రామకంఠంలో, అంటే ఊళ్లో ఇళ్ల కోసం వదిలిన స్థలంలో ఉన్న గూనపెంకుల ఇల్లు. పట్టా లేదు, రిజిస్ట్రేషన్ కాగితం లేదు. తాతల కాలం నుంచి ఉంటున్న ఇళ్లకు చాలా ఊళ్లలో ఇదే పరిస్థితి. దీంతో మనకేమీ రాదని అమ్మ బాగా టెన్షన్ పడింది. పంచాయతీ నుంచి ఇంటి పన్ను రశీదులు, డిమాండ్ రిజిస్టర్ నకలు, పాత కరెంటు బిల్లులు తీసుకొచ్చాను. పన్ను నాన్న పేరు మీదే ఉంది కాబట్టి ఆయన మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం కూడా పెట్టాల్సి వచ్చింది. అసలు ఎక్కువ కాలం పట్టింది ఈ కుటుంబ సభ్యుల పత్రానికే. మార్కింగ్ పడిందని తెలిసిన రోజే దీనికి దరఖాస్తు చేయండి, నోటీసు దాకా ఆగొద్దు.

మొదటి జాబితాలో మా ముందు అర్ర, వసారా మాత్రమే రాశారు. "వెనక ఇల్లు మీకే ఉంటుంది కదమ్మా" అన్నారు. ముందు గోడ కూల్చాక ఆ పెంకుటింటి దూలాలు దేనిమీద నిలబడతాయి? చట్టంలోని 94వ సెక్షన్ చదివాక నాకు ధైర్యం వచ్చింది. ఇంట్లో కొంత భాగమే తీసుకుంటామంటే, మొత్తం ఇల్లు తీసుకోమని యజమాని కోరవచ్చు. ప్రాథమిక నోటిఫికేషన్ వెలువడ్డాక అభ్యంతరాలకు 60 రోజుల గడువు ఉంటుంది. ఆలోపే ఫొటోలతో సహా రాసిచ్చి, నకలు మీద ఆఫీసు ముద్ర వేయించుకున్నాం. మొత్తం ఇంటికీ ఒప్పుకున్నారు. నోటిమాటగా అడిగితే ఇది జరిగేది కాదని నా గట్టి నమ్మకం.

ఇంటి విలువ కట్టడానికి ఇంజనీరు వచ్చిన రోజు మనిషి దగ్గరుండాలి. బోరు, మరుగుదొడ్డి, పశువుల కొట్టం, ప్రహరీ, చింతచెట్టు అన్నీ పంచనామాలో ఎక్కాలి. అందులో రాసినదానికే విలువ కడతారు, ఆ విలువకు భూమి విలువ కలిపిన మొత్తం మీద నూటికి నూరు శాతం సొలేషియం, అంటే బలవంతంగా తీసుకుంటున్నందుకు అదనపు సొమ్ము, ఇస్తారు. అంటే ఒక కొట్టం రాయకుండా వదిలేస్తే నష్టం రెండింతలు. మా పంచనామాలో బోరు లేదు. అమ్మ సంతకం పెట్టకుండా ఆగింది. బోరు రాయించాకే పెట్టింది.

భూమి ధర సంగతికొస్తే, రిజిస్ట్రేషన్ విలువ, చుట్టుపక్కల గత మూడేళ్లలో జరిగిన అమ్మకాల్లో ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజుల సగటు, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అది లెక్కలోకి తీసుకోవాలి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ దస్తావేజుల నకళ్లు తీయించాను. పరిహారం ఎంతో ఖరారు చేస్తూ అధికారి ఇచ్చే ఉత్తర్వును అవార్డు అంటారు. డబ్బు త్వరగా వస్తుంది, అంగీకార అవార్డుకు (ముందే ధరకు ఒప్పుకుని తీసుకునేదానికి) సంతకం పెట్టండి అని కొందరు చెప్పారు. దానికి ఒప్పుకుంటే తర్వాత పెంచమని అడిగే దారి ఉండదు. మేం ఒప్పుకోలేదు.

ఇంటి ధర గురించి అందరూ మాట్లాడతారు గానీ పునరావాసం గురించి మనం అడిగితే తప్ప ఎవరూ ఎత్తరు. నాకు ఎక్కువ బాధ కలిగించింది ఇదే. చట్టం రెండో షెడ్యూలు ప్రకారం పల్లెలో ఇల్లు పోతే కట్టిన ఇల్లు ఇవ్వాలి. నిర్వాసిత కుటుంబానికి ఏడాది పాటు నెలకు 3,000 రూపాయల జీవనభృతి, సామాను తరలింపుకు 50,000, పునరావాస భత్యం మరో 50,000 ఉన్నాయి. కొన్ని రాష్ట్రాల్లో వీటికి బదులు ఏకమొత్తం ఇచ్చే పద్ధతి ఉంది. అలా ఇస్తామన్నా దేనికి బదులు ఎంత ఇస్తున్నారో రాతలో అడగండి. భర్త లేని స్త్రీని, పెద్దవాళ్లయిన పిల్లల్ని చట్టం వేరు కుటుంబాలుగా లెక్కిస్తుంది. జాబితాలో అమ్మను తమ్ముడి కుటుంబంలో కలిపేస్తే, ఈ మాట చూపించే విడదీయించాం.

అవార్డులో భూమి ధర తక్కువగా వచ్చింది. డబ్బు తీసుకునేటప్పుడు రశీదు మీద "అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని అమ్మ చేత రాయించాను. ఆ మాట లేకుండా తీసుకుంటే పెంపు కోసం వెళ్లే హక్కు పోతుంది. అవార్డు రోజు మనం అక్కడే ఉంటే ఆరు వారాల్లోపు దరఖాస్తు పెట్టాలి. మేం పెట్టాం, విచారణ నడుస్తోంది. ఈ చట్టం కింద వచ్చే పరిహారానికి ఆదాయపన్ను లేదు, అవార్డు నకలుకు ఫీజూ లేదు. పన్ను కట్టాలని ఎవరైనా భయపెడితే 96వ సెక్షన్ చూపించండి.

మా ముందు అర్రలో ఏళ్లుగా కుట్టుమిషను పెట్టుకుని బతుకుతున్న అక్కకు కూడా చిన్న వ్యాపారుల కింద కనీసం 25,000 రావాలి. అద్దెకున్నావు కాబట్టి నీకు లేదని ఎవరో చెబితే ఆమె ఊరుకుంది. ఆమె మూడేళ్లకు పైగా అక్కడే పని చేసిందని చూపే కరెంటు బిల్లులు, పంచాయతీ కాగితం జతచేసి దరఖాస్తు తయారుచేశాం. ఈ సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇవ్వడానికి ఇద్దరం కలిసి వెళ్తున్నాం.