పాత హైబ్రిడ్ కారు బ్యాటరీ పోయిందని కారే అమ్మేయకండి

మిర్యాలగూడలో మా బావకి రైస్ మిల్లు ఉంది, దాంతో పాటు 2014 మోడల్ టయోటా కామ్రీ హైబ్రిడ్ కూడా ఉంది, అంటే పెట్రోల్ ఇంజిన్‌తో పాటు కరెంటు మోటార్లతోనూ నడిచే కారు. హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. మన నల్గొండ వైపు ఈ కారు ఎక్కువ కనిపించదు, అందుకే దానికి ఏమైనా అయితే అడగడానికి పక్కన మనిషి కూడా ఉండడు. పోయిన ఎండాకాలం ముందు డ్యాష్‌బోర్డు మీద 'చెక్ హైబ్రిడ్ సిస్టమ్' అని మెసేజ్ వచ్చింది. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే హైబ్రిడ్ బ్యాటరీ మొత్తం మార్చాలన్నారు, ఖర్చు మూడు లక్షలు దాటుతుందన్నారు. కారు అమ్మితే నాలుగు, నాలుగున్నర లక్షలు వస్తే గొప్ప. బావ ఇంటికొచ్చి "ఇంక దీన్ని వదిలించుకుందాం రా, ఎంతొస్తే అంతకు ఇచ్చేద్దాం" అన్నాడు. నేను ఆపాను. ఇంజిన్ బాగుంది, బాడీ బాగుంది, ఏసీ బాగుంది, ఒక్క బ్యాటరీ కోసం అంత మంచి కారుని తుక్కు ధరకు ఇచ్చేయడం నాకు అస్సలు నచ్చలేదు. ఆ తర్వాత నేను తెలుసుకున్నదీ మేం చేసిందీ ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఇప్పుడు పాత కామ్రీలు, ప్రియస్‌లు (ఇదీ టయోటా హైబ్రిడ్ కారే) ఉన్నవాళ్లందరికీ ఈ సమస్య వచ్చే వయసే.

ముందు ఆ బ్యాటరీ లోపల ఏముంటుందో తెలియాలి, అది తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. వెనక సీటు వెనకాల ఉండే ఆ పెట్టెలో ఉన్నది ఒక్క బ్యాటరీ కాదు. ఈ కామ్రీలో 34 మాడ్యూళ్లు ఉంటాయి, నికెల్ మెటల్ హైడ్రైడ్ రకం. ఒక్కో మాడ్యూల్ 7.2 వోల్టులు, దాని లోపల 1.2 వోల్టుల సెల్లు ఆరు. అన్నింటినీ ఒకదాని తర్వాత ఒకటి కలిపితే 244.8 వోల్టులు అవుతుంది. రెండో, మూడో తరం ప్రియస్‌లో అయితే 28 మాడ్యూళ్లు, 201.6 వోల్టులు. ఇలా వరుసగా కలపడం వల్ల వచ్చే చిక్కేంటంటే, నాట్లేసే వరుసలో ఒక్కరు వెనకపడితే వరుస మొత్తం ఆగినట్టు, ఒక్క సెల్ బలహీనమైతే మిగతా రెండు వందల సెల్లు బాగున్నా ప్యాక్ మొత్తం పనికిరానట్టే కనిపిస్తుంది. కంప్యూటర్ తేడా చూసి పి0ఎ80 అనే కోడ్ ఇస్తుంది. ఆ కోడ్‌కి వాళ్ల పుస్తకంలో అర్థం 'హైబ్రిడ్ బ్యాటరీ ప్యాక్ మార్చండి' అనే ఉంటుంది, సర్వీస్ సెంటర్ వాళ్లు అదే చదివి చెప్తారు, అందులో వాళ్ల తప్పు లేదు. కానీ లోపల ఎన్ని మాడ్యూళ్లు పోయాయో ఆ కోడ్ చెప్పదు.

దీన్ని అలాగే నడిపిద్దాంలే అని వదిలేయడానికి కూడా లేదు. మామూలు కార్లలా ఇందులో వేరే స్టార్టర్ మోటార్ ఉండదు, ఇంజిన్‌ని తిప్పి స్టార్ట్ చేసేది కూడా ఈ పెద్ద బ్యాటరీనే. అది పూర్తిగా చచ్చిపోతే ట్యాంకు నిండా పెట్రోల్ ఉన్నా కారు కదలదు. అద్దంకి రోడ్డు మీద రాత్రిపూట ఆగిపోతే ఏం చేస్తాం? తోసినా స్టార్ట్ కాదు, ముందు చక్రాలు నేల మీద ఉండగా తాడు కట్టి లాగించకూడదు కూడా, ఎందుకంటే ముందు చక్రాలతో పాటు లోపలి మోటార్లు తిరిగి కరెంటు పుట్టిస్తాయి. ఫ్లాట్ బెడ్ బండి రావాల్సిందే.

అసలు లక్షణాలు చాలా ముందు నుంచే కనిపిస్తాయి. స్క్రీన్ మీద చార్జింగ్ గీతలు ఇంతలోనే నిండిపోయి, అంతలోనే ఖాళీ అవుతుంటాయి. బండి ఆగి ఉన్నప్పుడు కూడా ఇంజిన్ మాటిమాటికీ ఆన్ అవుతుంది. వెనక సీటు దగ్గర ఫ్యాన్ మోత ఎక్కువవుతుంది. మైలేజ్ పడిపోతుంది. బావ కారులో ఇవన్నీ ఉన్నాయి, కాకపోతే ఆయన ఎండల వల్ల అనుకున్నాడు.

డబ్బు పెట్టే ముందు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి, ఇవి దాదాపు ఉచితం. మొదటిది డిక్కీలో ఉండే చిన్న 12 వోల్టుల బ్యాటరీ. అది బలహీనంగా ఉంటే ఈ కార్లు పిచ్చిపిచ్చి వార్నింగులన్నీ చూపిస్తాయి, కాబట్టి దాన్ని ముందు టెస్ట్ చేయించాలి. రెండోది, బ్లూటూత్ ఓబీడీ ముక్క (కారు కంప్యూటర్ లెక్కలు ఫోన్‌కి పంపే చిన్న ప్లగ్) ఒకటి కొని ఫోన్‌లో డాక్టర్ ప్రియస్ లాంటి యాప్ వేసుకుంటే, కామ్రీలోని 17 బ్లాకుల వోల్టేజీ విడివిడిగా కనిపిస్తుంది (రెండేసి మాడ్యూళ్లు ఒక బ్లాకు). బండి నిలబడి ఉన్నప్పుడు అన్నీ దాదాపు ఒకేలా కనిపించొచ్చు, దాన్ని చూసి మోసపోవద్దు. ఎవరినైనా నడపమని మీరు పక్కన కూర్చుని చూడండి. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు పాడైన బ్లాకు మిగతావాటికంటే ఒకటి, ఒకటిన్నర వోల్టులు కిందికి జారుతుంది. నార్కట్‌పల్లి దాకా వెళ్లి వచ్చేసరికి ఏ బ్లాకో మాకు తెలిసిపోయింది: మధ్యలోవి. సాధారణంగా మధ్యవే ముందు పోతాయి, అంచుల్లో ఉన్నవాటికి వేడి బయటికి పోయే దారి ఉంటుంది, మధ్యలో ఉన్నవాటికి అది తక్కువ.

ఇక మూడోది ఫ్యాన్. బ్యాటరీని చల్లబరచడానికి కారు లోపలి గాలినే ఒక ఫ్యాన్ లాక్కుంటుంది, దానికి వెనక సీటు దగ్గర గాలి జాలి ఉంటుంది. బావ కారు రోజంతా ఉండేది మిల్లు ఆవరణలో. ఆ ఫ్యాన్ విప్పి చూస్తే రెక్కల మధ్య సందు లేదు, ఊక దుమ్ము, నూలు పోగులు, వెంట్రుకలు కలిసి బూడిద రంగు పొరగా అతుక్కుపోయి ఉన్నాయి. వేలితో లాగితే ముక్కలు ముక్కలుగా ఊడి వచ్చింది. ఆ బ్యాటరీ ఎన్ని ఎండాకాలాలు గాలి ఆడకుండా ఉడికిందో! మన దగ్గర మే నెలలో 45 డిగ్రీలు మామూలే, నికెల్ బ్యాటరీకి వేడి కంటే పెద్ద శత్రువు లేదు. మిల్లుల దగ్గర, పత్తి జిన్నింగు దగ్గర, క్రషర్ల దగ్గర తిరిగే హైబ్రిడ్ కారు ఏదైనా సరే, ఏడాదికోసారి ఆ ఫ్యాన్ శుభ్రం చేయించాలి. ఇదొక్కటి చేసి ఉంటే చాలా ప్యాకులు ఇంకొన్నేళ్లు ఆడేవి.

తర్వాత ప్యాక్ విప్పించాం. ఇక్కడ మాత్రం గట్టిగా చెప్తున్నాను, మీ ఊళ్లో ఎంత మంచి మెకానిక్ అయినా హైబ్రిడ్ మీద పని చేసి ఉండకపోతే దాన్ని ముట్టుకోనివ్వకండి. 244 వోల్టుల డీసీ పట్టుకుంటే వదలదు, ప్రాణం పోతుంది. నారింజ రంగు వైర్లన్నీ హై వోల్టేజ్ వైర్లే. పని తెలిసిన మనిషి ముందు కారు ఆఫ్ చేసి తాళం దూరంగా పెడతాడు, 12 వోల్టుల బ్యాటరీ తీసేస్తాడు, రబ్బరు గ్లవుజులు వేసుకుని, పెద్ద బ్యాటరీ కరెంటు బయటికి రాకుండా తెంపే నారింజ రంగు సర్వీస్ ప్లగ్ లాగి జేబులో పెట్టుకుంటాడు, ఆ తర్వాత కనీసం పది నిమిషాలు ఆగుతాడు, ఇన్వర్టర్‌లో మిగిలిన చార్జి దిగాలి కాబట్టి. ఇంకో సంగతి, ప్లగ్ లాగినా మాడ్యూళ్లలో కరెంటు ఉంటూనే ఉంటుంది. మేం వెళ్లింది ఎల్బీనగర్ దాటి ఆటోనగర్ వైపు, హైబ్రిడ్ బ్యాటరీలే చేసే ఒక కుర్రాడి దగ్గరికి. మేం చెప్పిందంతా విని "అన్నా, ముందుగాల ఇప్పి చూద్దం, గప్పుడు పైసల మాట" అన్నాడు. ఆ ఒక్క మాటతో నాకు నమ్మకం కుదిరింది.

మూత తీశాక ఒక్కో మాడ్యూల్‌కి మీటర్ పెట్టి అంకెలు మాతోనే కాగితం మీద రాయించాడు. బాగున్నవి 7.8, 7.9 దగ్గర ఉన్నాయి. మధ్యలో రెండు మాత్రం 6.6. అంటే ఒక్కోదాంట్లో ఒక్కో సెల్ పూర్తిగా చచ్చిపోయింది, 1.2 వోల్టుల లెక్క సరిగ్గా అక్కడ తగ్గింది. ఆ తర్వాత కారు హెడ్‌లైట్ బల్బు ఒకటి తెచ్చి ఒక్కో మాడ్యూల్‌కి రెండు నిమిషాలు వెలిగించి, వోల్టేజీ ఎంత పడుతుందో చూశాడు. ఊరికే చూసినప్పుడు బాగున్నట్టు కనిపించిన వాటిలో కూడా కొన్ని ఈ లోడుకి జారిపోయాయి. మాడ్యూళ్లను కలిపే రాగి పట్టీలు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. ఒక్కోసారి ఈ చిలుము వల్లే తప్పుడు కోడ్ వస్తుందట, పట్టీలు శుభ్రం చేస్తే బండి బాగైపోయిన కార్లూ ఉన్నాయి.

ఇప్పుడు అసలు ప్రశ్న, తక్కువలో ఎలా? నాలుగు దారులున్నాయి. అన్నింటికంటే చవక, పోయిన రెండు మాడ్యూళ్లు తీసి పాతవే రెండు వేయడం, ఇది వేలల్లో అయిపోతుంది. బావ దీనికే మొగ్గాడు. నేను వద్దన్నాను. మిగతా ముప్పై రెండూ అదే వయసువి, అదే వేడి తిన్నవి, ఇవాళ రెండు మారిస్తే మూడు నెలలకు ఇంకోటి పోతుంది, ప్రతిసారీ విప్పుడు కూలి, హైదరాబాద్ ప్రయాణం, మధ్యలో ఎక్కడ ఆగుతుందో అన్న భయం. పైగా కొత్తగా వేసిన దాని కెపాసిటీ మిగతావాటితో కలవకపోతే అసలుకే తేడా పెరుగుతుంది. ఏదైనా పెళ్లి పనుల వరకు బండి నడిస్తే చాలు అనుకునేవాళ్లకు తప్ప ఇది చవక కాదు.

రెండోది, టెస్ట్ చేసి కెపాసిటీ ప్రకారం జత కలిపిన పాత మాడ్యూళ్లతో కట్టిన మొత్తం ప్యాక్ (దీన్నే రీబిల్ట్ ప్యాక్ అంటారు), మన పాతది ఇచ్చి తీసుకోవడం. మాకు కంపెనీ ధరలో మూడో వంతుకి వచ్చింది, ఏడాది గ్యారంటీ కాగితం మీద రాసిచ్చాడు. మూడోది, పాత పెట్టెలోనే కొత్త నికెల్ సెల్లు వేయించడం, రెండోదానికంటే ఖర్చు ఎక్కువ అవుతుంది, కానీ ఇంకో ఐదారేళ్లు కారు ఉంచుకునేవాళ్లకి నా దృష్టిలో ఇదే మంచిది. నాలుగోది లిథియం కిట్లు. బరువు తక్కువ, శక్తి ఎక్కువ అని చెప్తారు, నిజమే, కానీ ఆ కంప్యూటర్ నికెల్ బ్యాటరీ కోసం రాసింది, లిథియంని కాపాడే సర్క్యూట్ సరిగ్గా లేకపోతే మన ఎండల్లో అది సీటు వెనకాల పెట్టుకుని పిల్లల్ని కూర్చోబెట్టే వస్తువు కాదు. ఎవరు చేశారో, టెస్ట్ ఎక్కడ చేశారో తెలియకుండా దాని జోలికి పోవద్దనే నేను చెప్తాను.

బావ మహా అయితే రెండు మూడేళ్లు నడుపుతాడు, అందుకని రెండోది తీసుకున్నాం. తీసుకునే ముందు అడగాల్సిన ప్రశ్నలు మాత్రం అడగాలి. ఒక్కో మాడ్యూల్‌ని ఎన్నిసార్లు పూర్తిగా చార్జి చేసి దించారు, చివరికి కెపాసిటీ ఎంత వచ్చింది? కొత్తగా ఉన్నప్పుడు అది 6.5 యాంపియర్ అవర్లు, దానికి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. చార్జి చేసేటప్పుడు మాడ్యూళ్లను బిగించి ఉంచారా? అలా బిగించకపోతే అవి ఉబ్బుతాయి, పక్కలు ఉబ్బిన మాడ్యూల్ కనిపిస్తే తీసుకోకండి. రాగి పట్టీలు శుభ్రం చేశారా, ఫ్యాన్ విప్పారా? గ్యారంటీలో ప్యాక్ పాడైతే విప్పి బిగించే కూలి ఎవరిది? వీటికి సూటిగా జవాబు చెప్పే మనిషికే పని ఇవ్వండి.

పాత ప్యాక్‌ని మాత్రం కిలోల లెక్కన ఇనప సామాను వాళ్లకి వేయకండి. వాళ్లకి అందులో కరెంటు ఉందన్న సంగతే తెలియదు, సుత్తితో కొడతారు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలు సేకరించి రీసైక్లింగ్‌కి పంపించే బాధ్యత తయారు చేసినవాళ్ల మీదే ఉంది, కాబట్టి పాతది బదులు తీసుకునేవాళ్ల దగ్గరే మార్పించుకోండి, దానికి విలువ కూడా కడతారు.

ప్యాక్ మార్చాక ఒక ఎండాకాలం గడిచింది, వార్నింగ్ మళ్లీ రాలేదు. కారు ఇప్పుడు మిల్లు షెడ్డు పక్క కాకుండా ఇంటి దగ్గర నీడలో ఉంటోంది. ఎండలో నిలబెట్టిన కారు ఎక్కగానే అద్దాలు దించి వేడి గాలి పోనిచ్చి, తర్వాత ఏసీ వేయమని బావకి చెప్పాను, బ్యాటరీ పీల్చేది ఆ గాలే కదా. ఊరెళ్లినా సరే, వారానికి ఒకసారైనా కాసేపు తిప్పే మనిషిని పెట్టుకున్నాడు, ఊరికే నిలబెడితే నికెల్ బ్యాటరీ తనంతట తానే దిగిపోతుంది.

ఇప్పుడు పాత కామ్రీ హైబ్రిడ్లు తక్కువ ధరకు దొరుకుతున్నాయని మా దోస్తులు కొందరు చూస్తున్నారు. కొనొచ్చు, మంచి కార్లే. కానీ గ్యారంటీ ఉందిలే అనుకోవద్దు. హైబ్రిడ్ బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల గ్యారంటీ మన దేశంలో టయోటా ఇవ్వడం మొదలుపెట్టింది 2021 ఆగస్టు నుంచి, అంతకుముందు అది మూడేళ్లే. ఓబీడీ ముక్క జేబులో పెట్టుకుని వెళ్లండి, కారుని మధ్యాహ్నం ఎండలో కనీసం అరగంట నడపండి, ఫ్లైఓవర్ ఎక్కుతూ బ్లాకుల వోల్టేజీ చూడండి, గాలి జాలిలో టార్చి వేసి చూడండి. అన్నీ బాగున్నా సరే, బేరం ఆడేటప్పుడు ఒక రీబిల్ట్ ప్యాక్ ఖర్చు తగ్గించుకునే మాట్లాడండి. అమ్మేవాడు ఓబీడీ పెట్టనివ్వనంటే అక్కడి నుంచి వచ్చేయండి.