ఇంగ్లీషువాళ్ళ టీ పిచ్చి

ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో మా ఆఫీసులో ఎవరూ తనొక్కడికే టీ కలుపుకోడు. లేచినవాడు చుట్టూ ఉన్నవాళ్ళందరినీ అడగాల్సిందే. అడక్కుండా ఒక్క కప్పుతో తిరిగొస్తే ఆ రోజంతా సణుగుళ్ళే. పోనీ అదేమన్నా అద్భుతమా? మగ్గులో టీ బ్యాగు పడేస్తారు, కరెంటు కెటిల్‌లో కాచిన నీళ్ళు పోస్తారు, చెంచాతో బ్యాగుని మగ్గు అంచుకి అదిమి పిండేస్తారు, పైన ఫ్రిజ్‌లో పాలు కాస్త. అల్లం లేదు, మరగడం లేదు. మా అమ్మ వచ్చినప్పుడు ఒక గుక్క తాగి, "పొయ్యి మీద పెట్టడం మర్చిపోయారేమిట్రా?" అంది.

చలి దేశం కాబట్టి తాగుతారని చాలామంది చెప్తారు. చుట్టుపక్కల చాలా చలి దేశాలు కాఫీ తాగట్లేదూ? నన్నడిగితే అసలు కారణం పన్ను. ఒకప్పుడు టీ మీద సుంకం 119 శాతం ఉండేది, దాంతో దొంగసరుకుదే రాజ్యం. 1784లో ప్రధాని పిట్ దాన్ని పన్నెండున్నర శాతానికి దించేశాడు. స్మగ్లర్ల పని అయిపోయింది, టీ పేదవాళ్ళ వంటింట్లోకొచ్చింది. కరీబియన్ దీవుల్లో బానిసలు పండించిన పంచదార దానికి తోడైంది. రొట్టెముక్క, తియ్యటి టీ ఉంటే మిల్లు కార్మికుడికి పూట గడిచిపోయేది.

ఇంత టీ కొనడానికి చైనాకి వెండి పోయాల్సి వచ్చేది. ఆ వెండి ఆదా చేయడానికే మన దేశంలో పండించిన నల్లమందు అక్కడికి చేరింది. తర్వాత అస్సాం తోటలు. 1839లో అస్సాం టీ మొదటిసారి లండన్ వేలానికొచ్చింది. ఆ తోటల్లో పనికి గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి కూడా కూలీలను తీసుకెళ్ళారు. అక్కడ తెలుగు కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. ఈ సంగతి చెప్తే మా ఆఫీసులో ఎవరికీ తెలియదు.

ఇక రెండో ప్రపంచయుద్ధం. 1940లో టీని రేషన్‌లో పెట్టారు, మనిషికి వారానికి రెండు ఔన్సులు, అంటే 57 గ్రాములు. యుద్ధం ముగిసినా రేషన్ పోలేదు, 1952లో గానీ ఎత్తెయ్యలేదు. పొడి గింజగింజా లెక్కపెట్టుకున్న ఇళ్ళలో పెరిగిన పిల్లలు టీని వదులుతారా?

1990 ఫుట్‌బాల్ వరల్డ్ కప్ సెమీఫైనల్లో ఇంగ్లండ్ పెనాల్టీల్లో పశ్చిమ జర్మనీ చేతిలో ఓడిపోగానే కరెంటు వాడకం ఒక్కసారిగా 2,800 మెగావాట్లు పెరిగింది. లైట్లు కూడా వేశారనుకోండి, కానీ పెద్ద వాటా కెటిళ్ళదే. ఏడ్చే ముందు నీళ్ళు పెట్టారు మహానుభావులు.