చెరువు గట్టున పక్షుల లెక్క

పక్షులను గమనించడం మొదలుపెట్టాలనుకునేవారు సాధారణంగా అడిగే మొదటి ప్రశ్న, "ఎక్కడికి వెళ్తే బాగుంటుంది?" అని. నేలపట్టు, పులికాట్, కొల్లేరు పేర్లు వారు అప్పటికే విని ఉంటారు కాబట్టి, ఆ మూడింటిలో దేనికి ఏ నెలలో వెళ్ళాలో చెబుతానని ఎదురుచూస్తారు. ఆ మూడూ తప్పక చూడవలసినవే. అయినా నేను చెప్పేది ఒక్కటే: మీ ఇంటికి దగ్గరలో ఉన్న చెరువును ఎంచుకోండి, ఏడాది పొడవునా అక్కడికే వెళ్ళండి, వెళ్ళినప్పుడల్లా కనిపించిన ప్రతి పక్షినీ లెక్కపెట్టి రాసుకోండి. ఈ సలహా విన్నవారిలో చాలామంది నిరాశపడతారని నాకు తెలుసు.

గుంటూరులో ఉండేవారికి ఈ విషయంలో కొంత అదృష్టం కలిసివచ్చింది. ఊరికి ఎనిమిది కిలోమీటర్ల దూరంలో, పెదకాకాని మండలంలోని ఉప్పలపాడు చెరువులో వేల సంఖ్యలో నీటిపక్షులు గూళ్ళు కడతాయి. గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ళ కొంగలు, నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు, వక్కలు అన్నీ ఆ కాస్త చోటులోనే, చెరువు మధ్యలో పెరిగిన సర్కారు తుమ్మ చెట్ల మీద అంతస్తులవారీగా కాపురం పెడతాయి. చెట్లు చాలనందున అక్కడక్కడ ఇనుప స్టాండ్లు కూడా నిలబెట్టారు. కొల్లేరు ఒడ్డున ఆటపాకలో కూడా గూడబాతుల కోసం ఇలాంటి ఏర్పాటే చేశారు.

ఇక్కడే ఒక చిన్న ఫిర్యాదు చెప్పుకోవాలి. శీతాకాలం రాగానే పత్రికల్లో "సైబీరియా నుంచి విచ్చేసిన అతిథులు" అనే శీర్షికతో ఇవే గూడబాతుల, ఎర్రకాళ్ళ కొంగల బొమ్మలు కనిపిస్తాయి. ఈ పక్షులకు సైబీరియాతో ఏ సంబంధమూ లేదు. ఇవి దక్షిణాసియాలోనే పుట్టి, వర్షాలను బట్టి, చేపల లభ్యతను బట్టి ఒక చెరువు నుంచి మరో చెరువుకు మారుతూ, ఇక్కడే పిల్లలను పెంచి, ఇక్కడే చనిపోతాయి. టిబెట్, మధ్య ఆసియా ప్రాంతాల నుంచి వచ్చే పట్టతల బాతులు, ఉత్తరాది నుంచి వచ్చే సూదితోక బాతులు, జొన్న చేల మీద దండుగా వాలే గులాబీ గోరింకలు నిజమైన వలస పక్షులు. అవి మన దగ్గర గూడు కట్టవు. ఈ తేడా పండితుల పట్టింపులా కనిపించవచ్చు గానీ, దాని ఫలితం మాత్రం చిన్నది కాదు. పక్షి ఎక్కడి నుంచో వచ్చిన అతిథి అనుకున్నంతకాలం అది రాకపోతే తప్పు ఆ దూరదేశానిదే అనిపిస్తుంది. ఇది మన ఊరి పక్షే అని తెలిసినప్పుడు, ఈ ఏడు చెరువులో నీళ్ళు ఎందుకు లేవన్న ప్రశ్న పుడుతుంది.

గూడబాతు గూటిని దూరం నుంచి దుర్భిణిలో కాసేపు చూస్తే ఆ నీటికి ఉన్న విలువ అర్థమవుతుంది. పక్షి పై ముక్కు అంచు వెంబడి వరుసగా నీలి మచ్చలు, కింది ముక్కుకు వేలాడే పలుచని సంచి స్పష్టంగా కనిపిస్తాయి. గుడ్డు నుంచి అప్పుడే వచ్చిన పిల్లకు ఒంటి మీద ఈకలుండవు. కొన్నాళ్ళకు తెల్లని నూగు వస్తుంది. కాస్త ఎదిగిన పిల్ల తల్లి నోటి సంచిలోకి తలను మెడ దాకా దూర్చి, లోపలి నుంచి సగం అరిగిన చేపను లాక్కుని తింటుంది. ఆ సమయంలో తల్లి ఒళ్ళంతా ఊగిపోతుంది, గూటి పుల్లలు కొన్ని జారి నీళ్ళలో పడతాయి. కింద నీరు ఉన్నంతవరకు కుక్కలు, అడవి పిల్లులు చెట్టు మొదలు దగ్గరకు రాలేవు. నీరు ఇంకి చెట్టు కింద నేల తేలితే మాత్రం, పక్షులు గుడ్లనూ పిల్లలనూ వదిలేసి వెళ్ళిపోయే ప్రమాదం ఉంది. ఇవి ఆహారం కోసం చెరువు మీద ఆధారపడవు, మేతకు రోజూ ఎంతో దూరం వెళ్ళి వస్తాయి; చెరువు నుంచి వాటికి కావలసింది ప్రధానంగా భద్రతే.

గ్రామస్థులు ఈ సంగతి పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు. తమిళనాడులోని వేడంతాంగళ్ గ్రామస్థులు తమ చెరువులోని పక్షులను వేటాడకుండా 18వ శతాబ్దం చివర్లోనే ఈస్టిండియా కంపెనీ కలెక్టరు నుంచి హక్కు పత్రం పొందారు; పక్షుల రెట్టలో నత్రజని, భాస్వరం ఉండటం వల్ల ఆ చెరువు నీరు పారిన పొలాలు బాగా పండుతాయని వారికి అనుభవంతో తెలుసు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో కొంగలు సకాలంలో దిగితే ఆ ఏడు ఊరికి మంచి జరుగుతుందని నమ్ముతారు. ఉప్పలపాడు గట్టు మీద తరచుగా కలిసే ఒక పెద్దాయన నా నోటు పుస్తకాన్ని చూసి ఒకసారి ఇలా అన్నారు: "నీళ్ళుంటే అవే ఉంటాయి మేష్టారూ. నీళ్ళు లేకపోతే మీరొచ్చి ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఉండవు." నేను కాదనలేదు. అయితే నీళ్ళు ఏ తేదీ వరకు ఉండాలో చెప్పగలిగేది ఆ లెక్కేనని మాత్రం అన్నాను.

లెక్కపెట్టే పద్ధతిని కొంచెం వివరంగా చెప్పడం అవసరం. గూళ్ళు ఉన్న చోట పక్షులను మొత్తంగా లెక్కించడం కంటే గూళ్ళను లెక్కించడం ఎక్కువ ఉపయోగకరం, ఎందుకంటే పక్షులు రోజంతా వస్తూ పోతూ ఉంటాయి, గూడు మాత్రం కదలదు. గట్టు మీద ఎప్పుడూ ఒకే స్థలంలో నిలబడాలి. చెట్లకు మన పుస్తకంలో అంకెలు వేసుకుని, ఒక్కో చెట్టు మీద ఏ జాతి గూళ్ళు ఎన్ని ఉన్నాయో విడివిడిగా రాయాలి. పెద్ద పక్షి పొదుగుతూ గానీ పిల్లలు కనిపిస్తూ గానీ ఉన్న గూటినే లెక్కలోకి తీసుకోవాలి. ఇద్దరు వెళ్ళినప్పుడు ఒకరి అంకె మరొకరికి చెప్పకుండా విడిగా లెక్కించి, చివర్లో పోల్చుకోవడం మంచిది. గూళ్ళు లేని చెరువుల్లో బాతుల పెద్ద గుంపు కనిపిస్తే, ముందు యాభై పక్షులను ఒక్కొక్కటిగా లెక్కించి, ఆ యాభై ఎంత మేర పరచుకున్నాయో కంటితో కొలిచి, అలాంటి మేరలు గుంపులో ఎన్ని ఉన్నాయో చూడాలి. దుర్భిణి కొనేవారికి ఎనిమిదింతలు పెద్దదిగా చూపే 8×42 రకం చాలు. పదింతలు పెద్దదిగా చూపేవి కొత్తవారి చేతిలో వణికి బొమ్మ నిలవదు.

ఈ లెక్కలను ఈ-బర్డ్ అనే ఆన్‌లైన్ వేదికలో నమోదు చేస్తే అవి మన నోటు పుస్తకంతో పాటు అటకెక్కకుండా ఉంటాయి. అక్కడ ముఖ్యమైన నియమం ఒకటుంది: గుర్తుపట్టగలిగిన ప్రతి పక్షినీ, కాకిని, గోరింకను, పావురాన్ని కూడా, సంఖ్యతో సహా రాయాలి, ఎంతసేపు చూశామో, ఎంత దూరం నడిచామో కూడా చెప్పాలి. అరుదైన పక్షిని మాత్రమే నమోదు చేసి మిగిలినవాటిని వదిలేసే జాబితా ఫోటోగ్రాఫరుకు ఆనందాన్ని ఇస్తుందేమో గానీ శాస్త్రవేత్తకు అంతగా పనికిరాదు. పూర్తి జాబితాలో పేరు లేకపోవడం కూడా ఒక సమాచారమే: ఆ రోజు అక్కడ ఆ పక్షి కనిపించలేదని అది చెబుతుంది.

ఇలా దేశమంతటా 30,000 మందికి పైగా సామాన్యులు పంపిన 3 కోట్ల పరిశీలనల ఆధారంగానే 2023లో భారతదేశ పక్షుల స్థితిగతుల నివేదిక వెలువడింది. దానిలో 942 జాతులను మదింపు చేసి, 178 జాతులకు తక్షణ శ్రద్ధ అవసరమని తేల్చారు. దీర్ఘకాలిక ధోరణిని లెక్కించగలిగినంత సమాచారం ఉన్న 338 జాతుల్లో 60 శాతం తగ్గుముఖం పట్టినవే. దసరా నాడు దర్శనం కోసం మనం వెతికే పాలపిట్ట కూడా ఆ తగ్గినవాటిలో ఉంది. ఆ పండుగ రోజున పంజరంలో పెట్టి పాలపిట్టను చూపి డబ్బులు అడిగేవారు ఇప్పటికీ ఉన్నారు. దానిని పట్టడం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం నేరం, ఆ డబ్బు ఇవ్వడం దానికి ప్రోత్సాహం. మరో వైపు, సెల్ టవర్ల వల్ల పిచ్చుకలు అంతరించిపోయాయని మనం ఏళ్ళ తరబడి చెప్పుకున్న మాటను 2020 నాటి నివేదిక సరిదిద్దింది: మహానగరాల్లో పిచ్చుకలు తగ్గినా, దేశం మొత్తం మీద వాటి సంఖ్య దాదాపు నిలకడగానే ఉంది. పిచ్చుక కోసం జాలిపడినంతగా పాలపిట్ట కోసం మనం పడలేదు.

ఒక్క మనిషి రాసిపెట్టిన మాట ఎంతకాలం ఉపయోగపడుతుందో చెప్పడానికి మన నేల మీదే ఉదాహరణ ఉంది. కొల్లేరు ప్రాంతంలోని ఆరేడు అనే ఊరి దగ్గర గూడబాతులు పెద్ద ఎత్తున గూళ్ళు కట్టడాన్ని గమనించి పక్షి పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ 1949లో ఒక వ్యాసం ప్రచురించారు. తరువాతి దశాబ్దాల్లో ఆ స్థావరం ఖాళీ అయిపోయింది. ఆ వ్యాసం లేకపోతే అక్కడ ఏం పోగొట్టుకున్నామో మనకు తెలిసేది కాదు. కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించడం, 2002లో అది అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరడం, 2006లో సరస్సును ఆక్రమించిన చేపల చెరువుల గట్లను పగలగొట్టడం అన్నీ ఆ తరువాతి కథ.

కడప జిల్లా కలివికోడి సంగతి ఇంకొక రకం. 1900 తరువాత ఎవరికీ కనిపించలేదని శాస్త్రవేత్తలు అంతరించినట్లే భావించిన ఆ పక్షిని 1986లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ రెడ్డిపల్లి పరిసరాల్లో తిరిగి కనుగొన్నారు. దానిని ఆయన చేతికి అందించినది స్థానిక వేటగాడే. అడవిని ఎరిగిన మనిషికి అది ఎన్నడూ పోలేదు, పేరుతో సహా తెలుసు. అందువల్ల ఏ ఊరికి వెళ్ళినా కెమెరా తీయడానికి ముందు పశువుల కాపరితో, వల వేసే మనిషితో పది నిమిషాలు మాట్లాడటం మంచిదని నా అభిప్రాయం. గూళ్ళ మీదకు డ్రోను ఎగరేసి పక్షులన్నీ ఒక్కసారిగా లేచే దృశ్యాన్ని చిత్రీకరించిన వారిని కూడా చూశాను. పెద్దపక్షులు లేచిన ఆ రెండు మూడు నిమిషాల్లో కాకులు గుడ్లను ఎత్తుకుపోతాయి. అలాంటివారిని పక్షిప్రేమికులు అనడానికి నాకు మనసొప్పదు.

కొత్తగా చేరదలచినవారికి జనవరి మంచి సమయం. 1987 నుంచి ఏటా ఆ నెలలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతున్నది. దాని కోసం ఎవరూ లెక్కించని చిన్న చెరువును ఎంచుకుంటే దాని విలువ మరింత. ఫిబ్రవరిలో నాలుగు రోజుల పాటు జరిగే పెరటి పక్షుల గణనకు ఇంటి డాబా చాలు. జనవరిలోనే సంక్రాంతి గాలిపటాల కాలం కూడా వస్తుంది. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించినా అది అమ్ముడవుతూనే ఉంది. పండుగ అయిన మర్నాడు పిల్లలను వెంటబెట్టుకుని చెట్లకు చిక్కుకున్న దారాన్ని చేతికి అందినంతవరకు తీయించడం, ఉపన్యాసం కంటే బాగా పనిచేస్తుంది.

చేపల రైతులతో మాట్లాడటం ఇంత సులభం కాదు. గూడబాతు రోజూ తినే చేపల ఖరీదు రైతుకు కచ్చితంగా తెలుసు, దానిని కాదనే హక్కు మనకు లేదు. చెరువు మీద వల కప్పినప్పుడు పక్షి కాలు చిక్కకుండా దానిని బిగుతుగా, నీటికి ఎత్తుగా కట్టమని కోరడం వరకే మనం చేయగలం. కొందరు వింటారు.

చివరికి ఈ లెక్కలన్నిటినీ పెట్టవలసిన చోటు పంచాయతీ. గూళ్ళు మొదలైన వారం, ఎక్కువ గూళ్ళు ఉన్న వారం, ఆఖరి పిల్ల ఎగిరిన వారం, ఆ రోజుల్లో చెరువు మెట్ల దగ్గర నీటి మట్టం: ఈ నాలుగింటినీ ఒక కాగితం మీద వరుసగా రాసి చూపిస్తే, కాలువ నీటితో చెరువును ఎప్పుడు నింపుకోవాలన్న చర్చలో పక్షుల తరఫున కూడా ఒక తేదీ ఉంటుంది. మరొక విషయం చెట్లది. రెట్ట పడి ఆకులు తెల్లబారి, కొమ్మలు ఎండి, గూళ్ళున్న చెట్లు కాలక్రమంలో చనిపోతాయి కాబట్టి, వేసవిలో నీరు తగ్గినప్పుడు మట్టి దిబ్బలు పోసి నల్లతుమ్మ మొక్కలు నాటాలి. నాలుగైదు కిలోల బరువుండే గూడబాతుల జంటలను, వాటి పిల్లలను మోయగలిగేంతగా ఆ మొక్కలు ఎదగడానికి ఏళ్ళు పడుతుంది. అంతవరకు సర్కారు తుమ్మలను, అవి మన నేలవి కాకపోయినా, కొట్టనివ్వకూడదు.