శుభలేఖలతో చిట్టి ఆర్ట్ కార్డులు: నా అనుభవం

ఆర్టిస్ట్ ట్రేడింగ్ కార్డుకు, అంటే చేత్తో చేసే చిట్టి ఆర్ట్ కార్డుకు, కచ్చితమైన కొలత ఉంది: రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర అంగుళాల పొడవు. ఆ కొలత దాటకుండా లోపల ఏం చేసినా మన ఇష్టమే. ఇంకో కట్టుబాటు, వీటిని అమ్మరు, ఒకరితో ఒకరు మార్చుకుంటారు. స్విట్జర్లాండ్ కళాకారుడు ఎం. వాంచి స్టిర్నెమాన్ 1997లో జ్యూరిక్‌లో తన కార్డులతో ప్రదర్శన పెట్టి, చూడ్డానికి వచ్చినవాళ్లను కూడా సొంతంగా చేసి తెచ్చి మార్చుకోమన్నాడు. అక్కడి నుంచి ఈ అలవాటు చాలా దేశాలకు పాకింది.

అలాంటి ఒక కార్డుల మార్పిడికి పేరిచ్చాక నేను ముందు వెతికింది ఇంట్లో పేరుకున్న శుభలేఖలను. బంగారు రంగు అంచులు, గరుకు కాగితం, మఖమల్ ముద్రలు, మూలల్లో పసుపు మరకలు. ఇంత మంచి సరుకు బయట కొనాలంటే బోలెడు ఖర్చు. వినాయకుడి బొమ్మను మాత్రం నేను కత్తిరించను. దాన్ని మొత్తంగా తీసి విడిగా దాస్తాను. పసుపు మరక ఉన్న మూల దొరికితే వదలను, ఏ రంగు కలిపినా ఆ ఛాయ రాదు.

అడుగున వేయడానికి 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) డ్రాయింగ్ షీటు తీసుకున్నాను. ఏ4 షీటులో సరిగ్గా తొమ్మిది కార్డులు వస్తాయి. కత్తెర వాడితే అంచు వంకర పోతుంది కాబట్టి స్టీలు స్కేలు ఆనించి, పదునైన కట్టర్‌తో తేలిగ్గా రెండు మూడుసార్లు గీయాలి. ఒకేసారి గట్టిగా నొక్కితే స్కేలు జారుతుంది.

అసలు టెన్షన్ అంతా అతికించడంలోనే. అతికించేటప్పుడు చదునుగా ఉన్న కార్డు తెల్లారేసరికి వంగి కూర్చుంటుంది. కారణం నీళ్లు. మిల్లు కాగితంలో పీచు ఎక్కువగా ఒకే వైపు పడుకుని ఉంటుంది, దాన్నే గ్రెయిన్ అంటారు. జిగురులోని తడి తగలగానే కాగితం ఆ పీచుకు అడ్డంగా ఎక్కువ ఉబ్బుతుంది. ఆరేటప్పుడు ముడుచుకుంటూ కింది అట్టను కూడా తనవైపు లాగేస్తుంది. గ్రెయిన్ కనుక్కోవడం తేలికే: కాగితాన్ని మడవకుండా రెండు వైపులా కొంచెం వంచి చూడండి, ఎటు వంచితే సులువుగా వంగుతుందో, ఆ వంపు గీత వెంబడే గ్రెయిన్ ఉన్నట్టు. అట్టకూ పై కాగితానికీ గ్రెయిన్ ఒకే వైపు ఉండేలా చూసుకున్నాను. వెనక వైపు కూడా అంతే మందం కాగితం ఒకటి అతికించాను. రెండు వైపులా సమానంగా లాగితే కార్డు చదునుగా ఉంటుంది. జిగురును వేలితో కాకుండా పాత విజిటింగ్ కార్డుతో పల్చగా లాగి, పైన ప్లాస్టిక్ కాగితం పరిచి, రాత్రంతా బరువైన పుస్తకాల కింద పెట్టాను.

ముక్కల్ని కత్తిరించడం కన్నా చింపడం నాకు ఇష్టం. ఒక వైపే రంగు ఉన్న కాగితం చింపితే ఒక ముక్కకు తెల్ల అంచు వస్తుంది, రెండోదానికి అంతగా రాదు. చింపే దిశ మార్చి, మనకు కావలసిన ముక్కకే ఆ అంచు పడేలా చేసుకోవచ్చు. చేతి తయారీ కాగితమైతే తడి బ్రష్‌తో ఒక గీత గీసి, నెమ్మదిగా రెండు వైపులా లాగాలి. అంచంతా పీచు నూగులా విచ్చుకుని ఎంత అందంగా ఉంటుందో!

మధ్యలో ఏం పెట్టాలా అని ఆలోచించి, ముగ్గు దగ్గర ఆగాను. 5 చుక్కలు, 3 వచ్చేవరకు సందు చుక్క. ఈ కొలతకు మెలికల ముగ్గు చక్కగా సరిపోతుంది. కాగితాన్ని మెత్తటి మౌస్‌ప్యాడ్ మీద బోర్లా పెట్టి, ఇంకు అయిపోయిన బాల్‌పెన్‌తో వెనక నుంచి నొక్కుతూ గీస్తే, ముందు వైపు గీతలు ఉబ్బెత్తుగా లేస్తాయి. అక్షరాలైతే తిరగేసి రాయాలి, ముగ్గుకు ఆ బాధ లేదు. ఈ ముక్కను మాత్రం పుస్తకాల కింద పెట్టకూడదు, లేచిన గీతలన్నీ అణిగిపోతాయి. అందుకే కార్డు పూర్తిగా ఆరాక, చివర్లో, అంచులకే జిగురు రాసి అతికించాను.

వెనక చేసినవాళ్ల పేరు, కార్డు పేరు, తేదీ రాయడం ఆనవాయితీ. ఒకే రకం కార్డులు చేస్తే ఎన్నిట్లో ఎన్నోదో కూడా రాస్తారు. ఒక్కో కార్డును ప్లాస్టిక్ కవరులో పెట్టి, రెండు అట్టముక్కల మధ్య బిగించి పోస్టు చేశాను.

బదులుగా వచ్చినవాటిలో దారంతో కుట్టిన కార్డు ఒకటుంది. నా చూపంతా దాని మీదే. కాగితం మీద కుట్టాలంటే ముందు ఉత్త సూదితో రంధ్రాలు పొడిచి, తర్వాతే దారం ఎక్కించాలి. రంధ్రాలు మరీ దగ్గరైతే వాటి వెంటే చిరుగు పడుతుంది కాబట్టి మూడు మిల్లీమీటర్ల ఎడం ఉంచుతున్నాను. శుభలేఖల కవర్ల కాగితం కొంచెం పల్చన, దాని మీద కుట్టేటప్పుడు వెనక బట్ట ముక్క ఒకటి అతికిస్తున్నాను.