రెండో చరణం

నవ్వితే నవ్వారు, ఆ మాట అత్తయ్య దగ్గర కూడా ఎత్తాలా ఈయన? వాకింగ్‌లో ఒక ఇయర్‌ఫోన్ ఇచ్చినందుకు ఫలితం. "రెండో చరణం ఏదీ?" అన్నారు. తీసేశానన్నాను. "ఇళయరాజా పాటకే కత్తెరా! తన పాటలు అనుమతి లేకుండా పాడారని 2017లో బాలూకే నోటీసు పంపించిన మనిషాయన." టిఫిన్ల దగ్గర మళ్ళీ అదే పాట. అత్తయ్యేమో "పాపం, ఎంత కష్టపడి కట్టారో" అని నిట్టూర్చారు. పెసరట్టు తిరగేస్తూ నోరు మూసుకున్నాను.

సినిమాలో ఆ రెండో చరణానికి ముందొచ్చే వయొలిన్ల బిట్ మీదే హీరో బైకు స్టార్టవుతుంది. ఆ రొద చరణం మొదటి లైను దాకా వదలదు. విడిగా దొరికే ఆడియోలో ఎవరో డ్రమ్ములు దట్టించి రీమాస్టర్ అన్నారు. నా ఫోన్లో, నా చెవుల కోసం తీసేసుకుంటే ఎవరి సొమ్ము పోయింది?

కష్టం మాటకొస్తే నాది తక్కువా? పాటలు కోసి అతికే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్‌లో శబ్దాన్ని చూపించే గీతల్ని పెద్దవి చేసుకుని కూర్చున్నాను. గీత సున్నా దాటే చోట కోయకపోతే అతుకు దగ్గర టిక్కుమంటుంది. జెడ్ నొక్కితే కోసే చోటు దగ్గర్లోని సున్నాకి దానంతటదే జరుగుతుంది గానీ, సాఫ్ట్‌వేర్‌కి తాళం తెలీదు. తబలా మొదటి దెబ్బ దగ్గర కోసి, మళ్ళీ మొదటి దెబ్బకే అతకాలి. అర దెబ్బ తేడా వచ్చినా నడకలో కాలు తడబడుతుంది. చరణం లేదని పట్టుకున్నారు గానీ, అతుకు ఎక్కడుందో ఈయన చెప్పలేకపోయారు. ఆ సంగతి అత్తయ్యకు చెప్పలేదు మరి!

అసలు మేం పెరిగిందే తెగిన పాటల మీద. తెనాలిలో రికార్డింగ్ షాపుకి నోటుబుక్కు కాగితం మీద లిస్టు రాసుకుని, సిక్స్‌టీ క్యాసెట్ పట్టుకుని వెళ్ళేవాళ్ళం. ఒక్కో వైపు 30 నిమిషాలు. అన్నయ్య ఎప్పుడూ ఒక పాట ఎక్కువే రాసేవాడు, డబ్బులు గిట్టుబాటు కావాలని. షాపాయన అట్ట మీద చీమల్లాంటి అక్షరాలతో పేర్లు రాసి, పొరపాటున చెరిగిపోకుండా క్యాసెట్ వెనక ప్లాస్టిక్ ముక్కలు విరిచి ఇచ్చేవాడు. ఏ వైపు ఆఖరి పాటైనా చరణం మధ్యలో, సగం మాట మీద టక్కుమని ఆగిపోయేది. అన్నయ్య మిగతాది తన సొంత సాహిత్యంతో పూర్తి చేసేవాడు, అదో శిక్ష.

ఇదంతా ఈయన మీదకి వాదనగా రాద్దామనే మొదలుపెట్టాను. తీరా చూస్తే ఎదురు తిరుగుతోంది. ఆ తెగిన పాటల్లో ఒకటి చాలా ఏళ్ళకి వివిధ భారతిలో పూర్తిగా వచ్చినప్పుడు, పాలు పొంగిపోతున్నా కదల్లేదు నేను. ఉన్న చరణాన్ని నా అంతట నేనే ఎందుకు పోగొట్టుకోవడం?

చరణంలో మొదటి లైను రెండుసార్లు పాడతారు కదా. ఇందాక మళ్ళీ విన్నాను, రెండోసారికి బైకు వెళ్ళిపోయింది. అక్కణ్నుంచి అందుకుంటే సరి. అసలు ఫైలు, ఎన్నిసార్లు సేవ్ చేసినా నాణ్యత తగ్గని వేవ్ ఫార్మాట్‌లో దాచే ఉంది; ఎంపీ3 మీదే కోసి సేవ్ చేస్తూ పోతే ప్రతిసారీ కాస్త నాణ్యత పోతుంది.

అదీ రేపటికి కుదిరేలా లేదు. చిన్నదానికి స్కూల్ డాన్సుకి నాలుగు పాటలు కలిపి మూడు నిమిషాల్లో కావాలట. ఒకదానికైతే పల్లవే వద్దంది. దానికి మాత్రం ఇంట్లో ఎవరికీ అభ్యంతరం లేదు.