క్లామత్ ఒడ్డున మేపుల్ నార

ఉత్తర కాలిఫోర్నియాలో క్లామత్ నది పక్కన నడుస్తూ ఒక జాతి మేపుల్ చెట్లు చూశాను. ఒక్కో ఆకు అడుగు వెడల్పు వరకు పెరుగుతుంది. మేపుల్ జాతుల్లో ఇంత పెద్ద ఆకు మరి దేనికీ లేదు. కాండమంతా దట్టమైన నాచు. వచ్చేవారి చూపంతా రెడ్‌వుడ్ మహావృక్షాల మీదే ఉంటుంది. నా కాళ్లు మాత్రం ఈ చెట్టు దగ్గరే ఆగిపోయాయి.

ఇది యూరోక్ అనే అమెరికా ఆదివాసీ ప్రజల నేల. వారు రెడ్‌వుడ్ దుంగలను తొలిచి పడవలు చేశారు, హేజెల్ పుల్లలతో బుట్టలు అల్లారు. మేపుల్ వారికి బట్ట ఇచ్చింది. బెరడు లోపలి పొరను ఒలిచి, సన్నని చీలికలుగా తీసి, నడుముకు కట్టుకునే వస్త్రం చేసేవారు. గోగునార తీసిన చేతులకు ఆ ఓపిక తెలుస్తుంది. వైద్యురాలు కావడానికి దీక్ష పట్టిన స్త్రీ ఈ నారబట్టే ధరించేది. గవ్వలు, పైన్ గింజలు కుట్టిన జింకతోలు వస్త్రాల పక్కన ఇది ఎంత సాదాగా ఉండేదో! అంతటి పవిత్రమైన పనికి దీన్నే ఎంచుకోవడం నన్ను కదిలించింది.

యూరోక్ భాషను చిన్ననాటి నుంచి మాట్లాడిన చివరి పెద్దల్లో ఒకరైన ఆర్చీ థాంప్సన్ 2013లో, 93 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆ భాషను ఇప్పుడు అక్కడి ప్రభుత్వ పాఠశాలల్లో నేర్పుతున్నారు. బర్కిలీ విశ్వవిద్యాలయం రూపొందించిన యూరోక్ నిఘంటువులో పెద్దల గొంతులు వినవచ్చు; నేను రాత్రి చాలాసేపు విన్నాను.

మళ్లీ వసంతం చివర్లో వెళ్లాలని ఉంది. చెట్టులో రసం పారి బెరడు తేలికగా ఊడివచ్చే కాలం అదే.