మూడొందల రూపాయలకు 1932 నాటి వయొలిన్ రికార్డింగు

ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ వింటూ పెరిగినవాణ్ని. 1952లో మద్రాసులో యెహూదీ మెనూహిన్ అనే పాశ్చాత్య వయొలిన్ విద్వాంసుడు ఆయన వాద్యం విని మెచ్చుకున్నాడని ఎప్పుడో చదివాను. అప్పటి నుంచి ఆ మెనూహిన్ ఎట్లా వాయించేవాడో తీరిగ్గా వినాలని ఉండేది. యూట్యూబులో ఉన్నాయి, కాదనను. సరిగ్గా నెమ్మదిగా నడిచే చోట సిమెంటు ప్రకటన వచ్చి పడుతుంది, అదే బాధ. రిటైరయ్యాక, ఆ పాత రికార్డింగులు సొంతంగా కొని దాచుకుందామని మొదలుపెట్టాను.

కడపలో ఇట్లాంటి సీడీలు అడిగితే పాత సినిమా పాటల పెన్‌డ్రైవు చేతిలో పెడతారు. బయటి దేశం నుంచి తెప్పిస్తే సీడీ కంటే తపాలా ఖర్చే ఎక్కువ. డౌన్‌లోడ్ అయితే ఆల్బం మూడు, నాలుగు యూరోలకే దొరుకుతోంది. మన డబ్బుల్లో మూడు నాలుగు వందలు.

ఇంత చవకగా ఎట్లా ఇస్తున్నారని మొదట అనుమానపడ్డాను. దొంగ సరుకేమో అనుకున్నా. చదివితే తెలిసింది. మన చట్టం ప్రకారం రికార్డింగు మీద హక్కు, అది విడుదలైన మరుసటి ఏడాది మొదలుకొని 60 ఏళ్లు. నాకు కావాల్సింది 1932 నాటి రికార్డు, దానికి అది ఎప్పుడో తీరిపోయింది. యూరప్‌లోనూ తీరిపోయింది. అమెరికాలో లెక్క వేరు. అక్కడ 1923 నుంచి 1946 దాకా వచ్చినవాటికి వందేళ్లు. అంటే 1932 రికార్డును పారిస్‌లో ఎవరైనా అమ్ముకోవచ్చు, న్యూయార్క్‌లో మాత్రం 2032 ఆఖరు దాకా హక్కుదారుల అనుమతి కావాలి. కొన్ని సైట్లు మనది ఏ దేశమో ముందే అడిగేది ఇందుకే. హక్కు ఎవరిదీ కానప్పుడు ఒకే వాద్యాన్ని నలుగురు నాలుగు రకాలుగా శుభ్రం చేసి అమ్ముతారు. అసలు తిప్పలు అక్కడున్నాయి. దానికంటే ముందు డబ్బు కట్టే తిప్పలు.

నేను మొదట కొనబోయిన సైటులో యూపీఐ లేనే లేదు. నా రూపే కార్డు తీసుకోలేదు. బెంగళూరులో ఉన్న మేనల్లుడికి ఫోన్ చేస్తే, "మామా, వాళ్లు వీసా, మాస్టర్‌కార్డే తీసుకుంటారు. నీ దగ్గర ఇంకో కార్డు ఉందిగా, యాప్‌లో ఇంటర్నేషనల్ అని ఉంటుంది, అది ఆన్ చెయ్" అన్నాడు. చూస్తే ఆఫ్‌లో ఉంది. 2020 నుంచి కొత్త కార్డులన్నీ అట్లాగే రావాలని రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది. ఆన్ చేసి, పరిమితి వెయ్యి రూపాయలు పెట్టుకున్నా. కార్డు నంబరు కొట్టి ఓటీపీ కోసం చూస్తూ కూర్చుంటే, ఓటీపీ రాలేదు, డబ్బు పోయినట్టు మెసేజి వచ్చింది.

"ఇదేందిరా, అడక్కుండానే లాగేసింది?"

"బయటి సైట్లు చానా వరకు అంతే మామా. కొన్న వెంటనే ఆఫ్ చేసేయ్."

ఇప్పుడదే పని. కొనడానికి ఆన్, కొనగానే ఆఫ్. స్టేట్‌మెంటులో చూస్తే నా బ్యాంకు విదేశీ కొనుగోలుకు మూడున్నర శాతం మార్కప్ (అదనపు రుసుము), దాని మీద 18 శాతం జీఎస్టీ వేసింది. మూడొందల యాభైకి పద్నాలుగు రూపాయల చిల్లర. దానికి పెద్దగా బాధపడలేదు.

ఫైళ్లు ఎంపీత్రీ, ఫ్లాక్ అని రెండు రకాలుగా ఉంటాయి. ధరలో తేడా కొద్దిగే కాబట్టి నేను ఫ్లాక్ తీసుకుంటాను, అందులో శబ్దం నాణ్యత ఏమీ తగ్గదు. వినడానికి ఫోనులో వీఎల్‌సీ అనే యాప్ ఉంటే చాలు. జిప్ ఫైలు వస్తుంది, దాన్ని విప్పి పెన్‌డ్రైవులో ఒక నకలు పెట్టుకోవాలి. కొన్ని సైట్లలో లింకు కొన్నాళ్లకే పనిచేయడం మానేస్తుంది.

ఇక ఏది కొనాలి? నేను మొదట వెతికింది ఎల్గార్ అనే ఇంగ్లీషు స్వరకర్త రాసిన వయొలిన్ కన్చెర్టో, అంటే ఆర్కెస్ట్రాతో కలిసి వయొలిన్ ప్రధానంగా వాయించే కృతి. 1932 జులైలో లండన్ అబీ రోడ్ స్టూడియోలో రికార్డు చేశారు. మెనూహిన్‌కు అప్పటికి 16 ఏళ్లు. ఆర్కెస్ట్రాను నడిపించింది స్వయంగా ఎల్గార్, ఆయనకు 75. దీన్ని కుదిర్చిన గ్రామఫోన్ కంపెనీ మనిషి ఫ్రెడ్ గైస్‌బర్గే 1902లో కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాట రికార్డు చేసినవాడు. యాభై నిమిషాల సంగీతం. అప్పటి 78 రకం రికార్డులో (నిమిషానికి 78 చుట్లు తిరిగేది) ఒక వైపు నాలుగు నిమిషాలు, మహా అయితే ఇంకొంచెం. కాబట్టి ఆరు రికార్డులు, పన్నెండు వైపులు అయింది. ఆ పన్నెండు ముక్కల్నీ అతుకు తెలియకుండా కలపడమే రీమాస్టర్ చేసేవాడి, అంటే పాత రికార్డును శుభ్రం చేసేవాడి, మొదటి పరీక్ష. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సైటులో ఈ 78 రకం రికార్డులు ఉచితంగానే ఉంటాయి, కానీ చాలావరకు ఏ వైపుకా వైపు విడిగా ఉంటుంది. నేను డబ్బు పెట్టేది ఆ అతుకు పనికే.

రెండో పరీక్ష, చప్పుడు. లక్కలో రాతిపొడి కలిపి చేసిన రికార్డులవి. ఆ లక్క ఎక్కువగా మన దేశం నుంచే వెళ్లేది. ముల్లు ఆ గరుకు మీద నడుస్తుంటే సర్రుమనే మోత తప్పదు. ఆ మోతా, వయొలిన్ నాదంలోని సన్నటి పదునూ ఒకేచోట ఉంటాయి. ఒకదాన్ని మొత్తం తుడిచేస్తే రెండోదీ పోతుంది. చవక సైట్లలో చాలా వాటిది ఇదే రోగం. నమూనా వింటే మోత అస్సలు ఉండదు, మెనూహిన్ దుప్పటి కప్పుకుని వాయించినట్టుంటుంది. కొంచెం మోత మిగిల్చినవాడే పనివాడని నా అభిప్రాయం. ఇంకో సంగతి, మన ఎండల్లో ఫ్యాను వేసుకుని నమూనాలు వింటే ఏ తేడా తెలియదు. ఆ ఫ్యాను మోతలో ఈ మోత కలిసిపోతుంది. నేను తెల్లవారుజామున ఫ్యాను ఆపి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటాను.

మూడోది శృతి. దీన్ని చాలామంది పట్టించుకోరు, మన సంగీతం తెలిసినవాళ్లకు మాత్రం వెంటనే తగులుతుంది. ఈ ఎల్గార్ కృతి పాశ్చాత్యుల లెక్కలో బీ మైనర్, మన లెక్కలో ఏడు శృతి, స్వరాలు దాదాపు నటభైరవి రాగానివి. ఒక సైటులో అన్నిటికంటే చవకగా దొరికిన ప్రతిలో తంబూరా యాప్ ఏడుకు పెడితే కలవలేదు, ఒకటి శృతికి పెడితే కలిసింది. అరమెట్టు పైకి ఎక్కింది. రికార్డును తిప్పాల్సిన దానికంటే వేగంగా తిప్పారన్నమాట. ఇంకో ప్రతితో నిమిషాలు పోల్చి చూస్తే దాదాపు మూడు నిమిషాలు తక్కువ వచ్చింది. వాళ్లకు రాశాను. మా దగ్గరున్నది అదే అన్నారు, డబ్బు వెనక్కి ఇవ్వలేదు. ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రాములో వేగం 5.6 శాతం తగ్గిస్తే ఏడు శృతికి దిగింది, నిమిషాలూ సరిపోయాయి.

మా వయొలిన్ సార్‌కు వినిపిస్తే, స్వరం నుంచి స్వరానికి ఆ పిల్లవాడు జారే తీరు దగ్గర రెండుసార్లు వెనక్కి పెట్టించుకున్నారు. "జారు బాగుంది. మన జారు కాదులే" అన్నారు. ఇంకో పాతది అడిగితే, 1925కు ముందువి వద్దులెండి సార్ అన్నాను. మైకు రాకముందు కొమ్ము ముందు నిలబడి వాయించిన రికార్డుల్లో ఆర్కెస్ట్రా నాకైతే ఆనదు.

ఇప్పుడు పాబ్లో కసాల్స్ చెల్లో (వయొలిన్ కుటుంబంలోని పెద్ద వాద్యం) మీద వాయించిన బాఖ్ కృతుల మీద పడ్డాను, 1936–39 మధ్య రికార్డు చేసినవి. రెండు సైట్లలో ఉన్నాయి. చవకదాని నమూనాలో విల్లు తీగను పట్టే గరుకు వినబడటం లేదు. రెండోదానికి నూటిరవై రూపాయలు ఎక్కువ. రెండోదే కొంటున్నా.